చెయ్యి వట్టే గేటు

మొగుళ్లపల్లి దాటి పరకాల తొవ్వ వడితె ఎడమచేతి దిక్కు పాత జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. పొద్దుగూకినంక దాని ముంగట ఎవ్వలు నిలవడకపోయేది. సైకిలు మీద పోయేటోడు అక్కడికి రాంగనే జోరుగ తొక్కేది. ముచ్చట వెట్టుకుంట నడిశేటోళ్లు ముచ్చట ఆపేది. మిల్లు దాటినంక గని మళ్ల నోరు తెర్వకపోయేది.

మిల్లు మూతవడి అప్పటికే చాన ఏండ్లయింది. రేకులు సగం ఎగిరిపోయినయ్. ఎనుక దిక్కు ప్రహరీ కూలింది. ముంగటి గేటు ఒక్కటే మిగిలింది... ఇద్దరు మనుషులెత్తు ఇనుప గేటు.

అందరు భయపడేది గా గేటుకే.

మిల్లు నడిశిన దినాలల్ల రామి అని ఒక తండా పిల్ల అందుల కూలికి వచ్చేది. ఒక వానకాలం, మాపటి పూట, పని ఇడిశినంక గేటు కాడ సచ్చి పడి ఉన్నది. ఒంటి మీద దెబ్బ లేదు. పాము గాటు లేదు. లోపల ఏదో జూసి జడుసుకున్నదన్నరు. గప్పటి సంది వాన వడ్డ రాత్రి ఎవలన్న గేటు ముడితె రామి చెయ్యి వట్టుకుంటదని, వట్టుకుంటె ఇడువదని ఊరంత పుకారు.

కరుణాకర్‌కు గీ కథ ఎరికే. నమ్మేటోడు మాత్రం గాదు. మైకుసెట్టు, లైట్ల పని అతనిది. ముప్పై ఏండ్లు ఇంక నిండలే. చెయ్యి జోరు, నోరు అంతకన్న జోరు.

రెండువేల పదకొండు, సెప్టెంబరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నది. అప్పటికి ఈ ఊర్లన్ని వరంగల్ జిల్లాలనే ఉండె. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులకు తాళాలు. రోజుకొక గుంపు టెంటు కింద దీక్షకు కూసునేది, మాపటికి పాటలు, ఉపన్యాసాలు. ఊర్ల జాగ ఇరుకయిందని టెంటును మిల్లు ముంగటికి మార్చిన్రు. మార్పిచ్చింది విజయ్ సారు. సమ్మెల ఉన్న బడిపంతులు, టెంటుకు పెద్ద దిక్కు. దయ్యానికి భయపడేటోళ్లు రాష్ట్రం ఏం తెస్తరని నలుగుట్ల అడిగితె ఇగ ఎవ్వలు ఎదురు మాట్లాడలే.

కరెంటు మిల్లు నుంచే దొరికింది. మిల్లు పాత గుమస్తా లక్ష్మీనర్సయ్య తాన తాళాలు ఇంక ఉండె. లోపల వాచ్‌మెన్ రూం ఉన్నది, దాని వరండాల బోర్డుకు కరెంటొస్తది, వైరు గుంజుకోండ్రి అన్నడు. అన్నడు గని గేటు తాళం తీసిచ్చి, తను తొవ్వ అవతలనే నిలవడ్డడు.

కరుణాకర్ వైరు గుంజిండు.

అది ఇంట్ల టేబుల్ ఫ్యానుకు వాడే సన్న వైరు. రెండు పోగులది. వరండ నుంచి టెంటు దాక సాలక మూడు ముక్కలు కలిపి, మెలేసి, నల్ల టేపు చుట్టిండు. గేటు కింది సందుల నుంచి బయటకు తీసిండు. మిగిలిన చుట్టను చుట్ట లెక్కనే పచ్చి గడ్డిల వారేసిండు. నాలుగు పెద్ద లైట్లు, మైకు డబ్బ, రెండు ఫ్యాన్లు... అన్నిటికి ఒక్కటే ఎక్స్‌టెన్షన్ బాక్సు. అది నేల మీదనే.

అప్పుడే కనకయ్య అటు వచ్చిండు. కరెంటాఫీసుల లైను పని జేసి రిటైరయిన ముసలాయన. వైరు పొడుగూత నడుసుకుంట వచ్చి కరుణాకర్ ముంగట ఆగిండు. బయట వాడే వైరు గిది గాదన్నడు. ఎండకు వానకు ఆగే మందం తోలు ఉండాలె, మూడు పోగులది ఉండాలె, మూడో పోగు ఎర్తుకు పోవాలె అన్నడు. బయట గుంజే వైరుకు నడిమిట్ల అతుకులే ఉండొద్దు, నువ్వు అతికింది గాక నేల మీద వండవెట్టినవన్నడు. గేటు కింద వెడితె తీసినప్పుడల్ల, ఏసినప్పుడల్ల తోలు లేస్తదన్నడు. చుట్ట ఇప్పకుండ ఇన్ని లైట్ల బరువు గుంజితె వైరు కాగుతదన్నడు.

నలుగురి ముంగట అన్నడని కరుణాకర్‌కు మండింది.

"నీ నౌకరి అయిపోయింది పెద్దాయనా. జర పక్కకు జరుగు."

కనకయ్య అతని మొఖం దిక్కు చూసిండు. "వైరు నీ నోటికి భయపడదురా" అన్నడు. ఇగ టెంటు దిక్కు రాలే.

ఆ మాపే ఒక ముసలి లంబాడామె కూడ వచ్చి వైరు కాడ నిలవడ్డది. సగం వాళ్ల మాట, సగం తెలుగు కలిపి ఏందో చెప్పవట్టింది. వైరు చూపెట్టింది, గేటు చూపెట్టింది, తన చెయ్యి తనే వట్టుకోని గుంజింది. కరుణాకర్‌కు సమజ్ కాలే. పో, పో, అవతల కూసోమని చెయ్యి ఊపిండు. ఆమె పోయింది.

మొదటి రాత్రి అంత మంచిగనే నడిశింది.

రెండో రాత్రి వాన వట్టింది.

ఏడు దాటి పావుగంటయింది. పాట మంచి ఊపుల ఉన్నది... టక్కున అన్ని లైట్లు ఆరిపోయినయ్. మైకు గొంతు ఆగింది. కరెంటు పోయిందనుకున్నరు. ఊరి దిక్కు చూస్తె వీధిలైట్లు ఎలుగుతనే ఉన్నయ్.

కరుణాకర్ టార్చి వట్టుకోని గేటు తాళం తీసి లోపలికి వోయిండు. వరండాల ఎవ్వలు లేరు. రూముకు తాళం. ప్లగ్గు మాత్రం బోర్డుల లేదు. గుంజి, పక్కన అరుగు మీద పద్ధతిగ వెట్టి ఉన్నది.

టార్చి నేలకు కొట్టిండు. గచ్చు మీద తడి అడుగులు... చెప్పుల్లేని కాళ్లు, చిన్నయి, ఆడిమనిషియి. మెట్టు దాక ఉన్నయ్. మెట్టు దాటినంక వాననే.

ప్లగ్గు పెట్టి వచ్చిండు. అడుగుల సంగతి ఎవ్వలకు చెప్పలే.

తెల్లారి గేటు కాడ కుక్క సచ్చి ఉన్నది. దాని మీద ఒక్క గాయం లేదు. మూతి గేటుకు ఆని ఉన్నది.

మూడో రాత్రి మళ్ల వాన. మళ్ల గదే యాళ్లకు లైట్లు ఆరినయ్. మళ్ల ప్లగ్గు అరుగు మీద.

ఇగ టెంటు రెండు ముక్కలయింది. లక్ష్మీనర్సయ్య దీపం ఎలుగుల కూసోని, గొంతు తగ్గిచ్చి, రామి కథ మొదటి నుంచి చెప్పిండు. పిల్ల కండ్లు తెరిశే సచ్చిందని, ఆ కండ్లల్ల ఏం కనవడ్డదో చెప్పరాదని... ఇనేటోళ్లు ఒగలకొగలు దగ్గరికి జరిగిన్రు. ఆడోళ్లు లేసి ఇండ్ల దిక్కు వోయిన్రు. మర్నాటి దీక్షకు పేర్లిచ్చినోళ్లల్ల సగం మంది మాట మార్చిన్రు.

విజయ్ సారు మాత్రం పండ్లు కొరికిండు. దయ్యం గియ్యం ఏం లేదన్నడు. సమ్మె గిట్టనోడు ఎవడో లోపల కూసోని తీస్తున్నడన్నడు. దొరికితె బొక్కలు ఇరగాలన్నడు. అనుకుంట అనుకుంట కరుణాకర్ దిక్కు తిరిగిండు.

"గేటు తాళం నీ తాననే ఉంటది గదా."

అందరు కరుణాకర్‌నే చూస్తున్నరు. చిన్నప్పుడు ఒక్క కంచంల తిన్న దోస్తులు కూడ మొఖం తిప్పుకోని నిలవడ్డరు.

"రేపు వట్టిస్త" అన్నడు కరుణాకర్.

ఆ రాత్రి అతనికి నిద్ర రాలే. దయ్యమయితె పానం మీదికి. మనిషయితె వీళ్లు వాని పానం తీస్తరు. ఏదీ దొరకకపోతె ద్రోహి అని పేరు తనకే.

నాలుగో రాత్రి. పొద్దుగాల సంది ముసురు. కరుణాకర్ లైట్లు ఎయ్యకముందే గేటు తాళం తీసి ఉంచిండు. టెంటుల పాట మొదలువెట్టమని చెప్పి, టార్చి జేబుల ఏసుకోని, ఒక కర్ర వట్టుకోని గేటు పక్కన దిమ్మె చాటుకు వోయి కూసున్నడు. చెప్పులు బురదల కూరుకుపోతె ఇడిశిండు. ఉత్త కాళ్లే. విజయ్ సారు, ఇంకో పదిమంది టెంటు అంచుకు కర్రలతోని తయారుగ ఉన్నరు. సైగ జేస్తె ఉరకాలె.

లోపల చీకటి. టెంటు ఎలుగు గేటు కమ్మీల నడుమ నుంచి గీతలు గీతలుగ వరండ మీద వడుతున్నది. వాన సప్పుడు రేకుల మీద ఆగి ఆగి వస్తున్నది. ఏడయింది... ఏడుంబావయింది.

ఏదో కదిలింది.

మిల్లు ఎనుక నుంచి ఒక తెల్లటిది గోడ వార వట్టుకోని వస్తున్నది. సప్పుడు లేదు. తలకాయ మీది నుంచి మోకాళ్ల దాక తెలుపే. ఆగుతున్నది... మళ్ల కదులుతున్నది. వరండ మెట్టెక్కింది. ఎలుగు గీత దాటినప్పుడు ఒక్క చెయ్యి కనవడ్డది. సన్నటి చెయ్యి, మోచేయి దాక తెల్ల గాజులు.

లంబాడి పిల్లల చేతుల గాజులు గట్లనే ఉంటయ్.

పారిపోవాలనిపిచ్చింది. కని ఎనుక పదిమంది ఉన్నరు, వాళ్ల కండ్లున్నయ్. కర్ర కుడిచేతుల వట్టుకున్నడు. లేసిండు. ఎడమచేత్తోని గేటును నూకిండు—

గేటు వట్టుకున్నది.

అతను వట్టుకోలే. గేటే వట్టుకున్నది. వేళ్లు వాటంతటయే ముడుసుకపోయినయ్. గుంజుదామంటె ఇంక బిగిసినయ్. చెయ్యి నుంచి భుజానికి, భుజం నుంచి ఎదలకు ఏందో పాకుకుంట వచ్చింది. పండ్లు గట్టిగ కరుసుకపోయినయ్. అరుద్దామంటె నాలుక లేవలే. ఎనుక పాట ఇనవడుతనే ఉన్నది... పది గజాల దూరంల పదిమంది ఉన్నరు, తను సస్తున్నట్టు ఒక్కరికి తెల్వదు. వాళ్లకు అతను గేటు వట్టుకోని నిలవడ్డట్టే కనవడుతున్నడు.

రామి... అనుకున్నడు. నిజమే. వట్టుకుంటె ఇడువదు.

వరండ మీది తెల్లటిది ఇటు తిరిగింది. అతన్నే చూసింది. చూసి... బోర్డు మీదికి ఒక్క దూకు దూకింది.

చీకటయింది. పాట ఆగింది.

గేటు ఇడిశింది.

కరుణాకర్ బురదల ఎల్లెలకల వడ్డడు. చెయ్యి తనది గాదన్నట్టు పక్కన వడి ఉన్నది. అడుగుల సప్పుడు దగ్గరికొచ్చింది. గేటు కిర్రుమన్నది. సల్లటి అరచెయ్యి ఒకటి అతని ఎద మీద ఆనింది.

"బతికినవా కొడుకా?" గొంతు గుసగుసలాడినట్టున్నది.

మూడు నాలుగు సార్లు ఊపిరి గుంజినంక గని కరుణాకర్‌కు కండ్లు ఆనలే. తల మీద ఎరువుల సంచి కప్పుకున్న ముసలామె. మొదటి మాపు తను పొమ్మన్న లంబాడామె.

ఆమె పేరు గంగాబాయి. రామి తల్లి.

"మొదటి దినమే జెప్పిన నీకు" అన్నది. "పొమ్మన్నవ్. గుమస్తాకు జెప్పిన. పిచ్చిదన్నడు, కట్టె వట్టుకున్నడు. వాన రాంగనే గేటుకు కరెంటొస్తదని నాకెరికే. అందుకే వానొస్తె వచ్చి తీసి పోతున్న. నువ్వు మళ్ల పెడుతున్నవ్. నేను మళ్ల వస్తున్న."

కరుణాకర్ లేసి కూసున్నడు. వానల తడుసుకుంట, టార్చి ఎలిగిచ్చి గేటు అడుగున చూసిండు. టేపు ఊడి, రాగి పోగు ఎర్రగ బయటవడి, గేటు కింది కమ్మికి ఆని ఉన్నది. తను మెలేసిన అతుకే. గేటు తీసినప్పుడల్ల, ఏసినప్పుడల్ల రాసుకోని రాసుకోని ఊడింది. కనకయ్య చెప్పింది చెప్పినట్టే అయింది. ఇన్ని దినాలు కాళ్ల చెప్పులే తనను కాపాడినయ్.

అప్పటికే టార్చీలు ఉరుకొస్తున్నయ్. కర్రలు, బూతులు, కాళ్ల సప్పుడు. విజయ్ సారు ముంగటున్నడు. ముసలామెను చూడంగనే దొరికిందిరా అన్నడు, ఎవల కోసం తీస్తున్నవో చెప్పు అనుకుంట కర్ర లేపిండు. ఎనుక నుంచి ఒకడు ఇది మంత్రాలు జేస్తదన్నడు. ఇంకోడు తండోళ్లంత గింతే అన్నడు. గుంపు చుట్టు మూసుకున్నది. గంగాబాయి కదలలే, తల మాత్రం వంచింది. దెబ్బకు తయారయినట్టు.

కరుణాకర్ లేసి ఆమెకు అడ్డం నిలవడ్డడు.

"ఆమె గాదు. నేను. నేను గుంజిన వైరే కుక్కను సంపింది. ఇప్పుడు నన్ను సంపుతుండె, ఆమె ప్లగ్గు గుంజింది."

కర్ర దిగలే. విజయ్ సారు అతని కాలిన అరచెయ్యి చూసిండు, కింద రాగి పోగు చూసిండు. అప్పుడు దిగింది. మొఖం మాత్రం మెత్తవడలే. నువ్వు మమ్ములను గిన్ని దినాలు సావు పక్కన కూసోవెట్టినవన్నడు. నా పిల్లలు గీ గేటు కాడనే ఆడుకున్నరని ఎవడో కరుణాకర్ అంగీ వట్టుకున్నడు. ఇంకోడు నూకిండు.

గా లొల్లిల గంగాబాయి గుంపు ఎనుకకు చూస్తున్నది. అక్కడ, అందరికన్న ఎనుక, లక్ష్మీనర్సయ్య టార్చి వట్టుకోని నిలవడ్డడు.

"గుమస్తా శేటూ" అన్నది. లొల్లి ఆగింది. "నా బిడ్డ ఏం జూసి జడుసుకున్నదో వీళ్లకు జెప్పు."

ఆయన ఒక అడుగు ఎనుకకు ఏసిండు.

గంగాబాయే చెప్పింది. ఆ ఏడు మిల్లుల నీళ్లు జేరితె తోడెయ్యనీకె మోటారు వెట్టిన్రు. దానికి గుంజిన వైరు గిట్లనే గేటు కింద ఒత్తుకపోయింది. రామి పని ఇడిశి గేటు తీసింది, గంతే. తల్లి ఉరికొచ్చేటాళ్లకు పిల్ల కమ్మి ఇడువలే. పెద్ద స్విచ్చు బంద్ జేసినంక గని ఇడువలే. గుమస్తా దగ్గర నిలవడి వైరు చుట్టిపిచ్చిండు. మోటారు లోపలికి పెట్టిపిచ్చిండు. పోలీసోళ్లు వచ్చేటాళ్లకు గేటు కాడ పిల్ల తప్ప ఏం లేదు.

"దయ్యమని మొదలు జెప్పింది నువ్వే శేటూ."

లక్ష్మీనర్సయ్య టార్చి కిందికి దించిండు, ఆర్పిండు. ఎనుకకు తిరిగి చీకట్ల నడుసుకుంట వోయిండు. తెల్లారి తాళాలు టెంటుల వారేసి జనగామల బంధువుల ఇంటికి వోయిండని తెల్సింది. పోలీసు కాయిదం రాద్దామని గంగాబాయిని అడిగితె, నా మాట ఎవలు ఇన్నరు ఇన్నేండ్లు అని లేసి వోయింది.

మర్నాడు పొద్దుగాల కరుణాకర్ కనకయ్య ఇంటికి వోయిండు. ముసలాయన అరుగు మీద కూసోని తలెత్తలే. కరుణాకర్ కాలిన చెయ్యి చూపెట్టలే, మాటలు చెప్పలే. జర రాండ్రి పెద్దాయనా అన్నడు గంతే. కనకయ్య చెప్పులు తొడుక్కున్నడు.

ఆ దినమంత ఇద్దరు పని జేసిన్రు. పరకాల నుంచి మూడు పోగుల మందపు నల్ల వైరు తెచ్చిన్రు... అతుకు లేకుంట ఒక్కటే తుండు. గేటు కింది నుంచి గాదు, కట్టెలు పాతి గేటు మీది నుంచి, మనిషికి అందనంత ఎత్తుల తీసిన్రు. చుట్ట మొత్తం ఇప్పిన్రు. బాక్సును బల్ల మీద చెక్క డబ్బల వెట్టి మీద రేకు కప్పిన్రు. ఎర్తు కడ్డి భూమిల దిగేసిన్రు. కరెంటు జర కారినా టక్కున పడిపోయే స్విచ్చు ఒకటి వరండాల బిగిచ్చిన్రు. మొన్న రాత్రి మొఖం తిప్పుకున్నోళ్లు దూరం నుంచి చూసిన్రు గని ఒక్కడు దగ్గరికి రాలే.

మాపటికి మళ్ల వానొచ్చింది. లైట్లు ఎలిగినయ్. కనకయ్య టెస్టరు వెట్టి చూసి గేటుకు ఏం లేదన్నడు. అయిన ఎవ్వలు గేటును ముట్టలే. విజయ్ సారు ముట్టలే. కరుణాకర్ రెండుసార్లు చెయ్యి చాపి ఎనుకకు గుంజుకున్నడు.

జనం నడుమ నుంచి గంగాబాయి వచ్చింది. ఎవ్వలను అడుగలే. సీదా గేటు కాడికి వోయి, కింది నుంచి మూడో కమ్మిని రెండు చేతుల వట్టుకున్నది.

ముంగటున్నోళ్లు రెండడుగులు ఎనుకకు జరిగిన్రు.

ఒక్క నిమిషమయింది... ఆమె కదలలే. రెండు నిమిషాలయింది. వాన మీద వడుతున్నది, తల కమ్మికి ఆనింది, ఒళ్లంత వణుకుతున్నది. చేతులు మాత్రం ఇడుస్తలేవు. గట్టిగ... ఇంక గట్టిగ బిగుస్తున్నయ్.

కరుణాకర్ వరండ దిక్కు ఉరికిండు. స్విచ్చు మీద చెయ్యి ఏసిండు.

"తియ్యకు" అన్నది గంగాబాయి, తల ఎత్తకుంటనే. "కరెంటు లేదు. గీ కమ్మినే గదా నా బిడ్డ వట్టుకున్నది. గా దినం నన్ను బిడ్డను ముట్టనియ్యలే. జరసేపు ఉండనియ్యిండ్రి."